రంగుల చక్రమూ ఐదు ఒక్కపొద్దులూ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, మనిషి పక్షపాతం చూపిస్తాడు గానీ యంత్రం చూపించదని. బి.ఇడి. పట్టా మీద సిరా ఆరకముందే నంద్యాల నుంచి రోజూ బస్సెక్కి, ఆళ్లగడ్డలో ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పడానికి పోయేవాణ్ణి. (కిటికీ పక్క సీటు దొరికితే నల్లమల కొండల్ని చూస్తూ దేశాన్ని బాగుచేసేవాణ్ణి. దొరక్కపోతే దేశం అలాగే ఉండిపోయేది.) తరగతి గోడకున్న డిజిటల్ తెర మీద ఒక వెబ్‌సైటు తెరిచి, పిల్లల పేర్లు ఎక్కించి, రంగుల చక్రం తిప్పేవాణ్ణి. ముల్లు ఎవరి గడిలో ఆగితే వాళ్లు లేచి జవాబు చెప్పాలి. గళ్లలో పేర్లు చీమల్లా ఉండేవి, ఆగిన పేరు మాత్రం తెర నిండా వచ్చేది. మధ్యాహ్నం పూట ఆ రంగులన్నీ కరిగి ఒకటవుతుంటే నేనూ ఏ లోకంలోనో తేలిపోయేవాణ్ణి. "ఏందప్పా, పాఠం చెప్తాండావా, తిరునాళ్ల జరుపుతాండావా?" అని పెద్దసారు తలుపు దగ్గర గద్దిస్తే గానీ కిందికి దిగేవాణ్ణి కాదు.

తమ పేరు రాకూడదని పిల్లలంతా తలలు దించుకుంటే, మొదటి వరసలో ఒక పాప మాత్రం లేవడానికి సిద్ధంగా బెంచీ అంచున కూర్చునేది. 'అంచు పాప' అని మనసులో పేరు పెట్టుకున్నాను. ఒకనాడు బడి వదిలాక నా దగ్గరికొచ్చింది.

"సార్, నా పేరు ఎప్పుడొస్తాది? ఐదు శనివారాలు అహోబిలం సామికి ఒక్కపొద్దుంటి. సామి పలకల్యా."

ఫిర్యాదు దేవుడి మీద కదా, నాకేం అనుకుని నవ్వుతూ పేర్ల జాబితా తెరిచాను. పిల్లలు ముప్ఫైరెండు మంది, పేర్లు ముప్ఫైఒకటి. ఆ పాప పేరు నేను ఎక్కించనే లేదు. నా మతిమరుపుకి పసిపిల్ల కడుపు మాడ్చుకుంది. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"రేపొస్తాదిలేమ్మా" అన్నాను.

మర్నాడు ముప్ఫైరెండు గళ్లలోనూ ఆ పేరే ఎక్కించాను. (పక్షపాతం లేని యంత్రం!) ఎక్కడ ఆగినా అదే పేరని తెలిసి కూడా ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. పాప కళ్లు మూసుకుని చేతులు జోడించింది. చక్రం తిరిగి తిరిగి ఆగింది.

"కుందూ ఏ నదిలో కలుస్తుంది?" అన్నాను.

"పెన్నలో సార్!"

చెప్పి కూర్చోలేదు. నిన్నటి ప్రశ్నకీ జవాబు చెప్పింది, మొన్నటి ప్రశ్నకీ చెప్పింది. పోయిన నెలలో ఎవరూ చెప్పలేకపోయినదానికీ చెప్పింది. ఇన్నాళ్లూ దాచుకున్న జవాబులన్నీ వరసపెట్టి అప్పజెప్పి, "సామి పలికినాడు సార్" అంటూ మెల్లగా కూర్చుంది.

"అవునమ్మా" అన్నాను.

ఆ పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోందట. నిజం ఇప్పటికీ చెప్పలేదు. స్వామి వెనక దాక్కున్న ఆ కుర్రమాస్టరు గుర్తొస్తే నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు పూర్తి కాదు. శనివారం బడి భోజనాల దగ్గర ప్లేటు లేకుండా పక్కన నిలబడిన పిల్లను నేను చూశాను. "ఆకలి కాలేదేమ్మా?" అని కూడా అడిగాను. "లేదు సార్" అంటే నమ్మేసి, చక్రం తిప్పడానికి పోయాను.