సామాను నడిచిన మధ్యాహ్నం

మా అక్కయ్య ఇంటిని నేను ఒక్క పూటలో దయ్యాల కొంపగా మార్చిన ఉదంతం ఇది. గుండెజబ్బు ఉన్నవారు మంచినీళ్ల చెంబు దగ్గర పెట్టుకోండి. నవ్వుజబ్బు ఉన్నవారు ఆ చెంబుకి దూరంగా జరగండి, పొలమారుతుంది.

అప్పటికి నాకు నలభై దాటి ఎంతోకాలం కాలేదు. ఆ వయసు మగవాడికి రెండు భ్రమలుంటాయి. నెత్తిమీద జుట్టు ఇంకా ఉందన్నది ఒకటి, తనకు తెలియనిది లేదన్నది రెండోది. మొదటిదాన్ని అద్దం పోగొడుతుంది. రెండోదాన్ని మా మేనకోడలు పోగొట్టింది.

మేనకోడలి పేరు పద్మజ, మాకు పద్దు. ఇరవై దాటిన పిల్ల. ఆటిజం ఉంది. మాటలు పొదుపుగా వాడుతుంది. మా వంశంలో ఆ సుగుణం ఇంకెవరికీ రాలేదు, నా సంగతి మీరు చూస్తూనే ఉన్నారు. పద్దూ, మా వరలక్ష్మి అక్కయ్యా కొవ్వూరులో గోదావరి గట్టుకు దగ్గర్లో అద్దెకుండేవారు. నా కాపురం పక్క వీధిలో. బావగారు పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కుగా నన్ను నేనే నియమించుకున్నాను.

కడియం వైపు ఒక నర్సరీలో పద్దూకి పని దొరికేలా ఉంది. సంచుల్లో మట్టి నింపడం, మొక్కల్ని వరసగా పేర్చడం. ఒకసారి చూసొచ్చిందో లేదో, రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి "మొక్కలు" అనేది. ఆ ఒక్కమాట వినలేక అక్కయ్య వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకునేది. ఎందుకంటే చిక్కొకటుంది. అంతకుముందు కుట్టుపని నేర్పేచోట చేర్పిస్తే, మిషన్ల మోతకి పద్దు చెవులు మూసుకుని రోడ్డు మీదకు పరుగెత్తింది. లారీ డ్రైవరు పుణ్యాత్ముడు కాబట్టి బ్రేకు వేశాడు. నర్సరీ కూడా హైవే పక్కనే.

"పిల్ల పనిమంతురాలేనండి, కాదన్ను. కానీ ఇబ్బందైతే ఏం చేస్తుంది? రోడ్డెక్కితే నాకు దిక్కెవరు? ఇలాంటివి తెలిసినవాళ్లెవరైనా చూసి చెప్తే పెట్టుకుంటాను" అన్నాడు యజమాని.

ఆ తెలిసినవారే రాజమండ్రిలో ఉండే సునీత గారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు. స్నానం, తిండి, బట్టలు, పని, ఇలా రోజు గడవడానికి మనిషి చేసుకునేవన్నీ ఎలా చేసుకుంటున్నారో, ఏ చప్పుడు పడదో, ఏ వాసన గిట్టదో దగ్గరుండి చూసి, దానికి తగ్గ దారి చెప్పడం వారి పని. ఫోనులో ఆవిడ చాలా స్పష్టంగా చెప్పారు.

"ఇల్లు రోజూ ఎలా ఉంటే అలాగే ఉంచండి. నాకోసం ఏమీ మార్చొద్దండి."

ఇక్కడే దెబ్బతిన్నాను. మా గోదావరి జిల్లాల్లో అతిథి నోట వచ్చే "వద్దు"కి అర్థం వేరు. "ఏమీ శ్రమ పడకండి" అంటే బూరెలు వండమని. "కాఫీ కూడా వద్దండి" అంటే భోజనానికి ఆగుతామని. ఆ లెక్కన "ఏమీ మార్చొద్దు" అంటే ఇల్లు తిరగేసి కొత్తది చెయ్యమని కాక మరేమిటి?

ఆవిడ వచ్చే రోజు పొద్దున్న అక్కయ్యా పద్దూ గట్టు మీద నడకకు వెళ్లగానే రంగంలోకి దిగాను. ఇల్లు అలకగానే పండగ కాదన్నారు పెద్దలు. కాదు కదా, తద్దినం అవుతుందని వాళ్లకి తోచలేదు, నేను పుట్టలేదు కాబట్టి. హాల్లో గడియారం పాతదని దించేశాను. కిటికీ కింద పద్దు కూర్చునే ముక్కాలి పీటను పెరటి గదిలో పారేశాను. అలమర తూర్పు నుంచి పడమరకు ప్రయాణం చేసింది. ఎదురింటివారి పేము సోఫా అరువు తెచ్చి నట్టింట వేశాను. బియ్యం బస్తా, పాత మంచం, అడ్డమైనవన్నీ తెల్లదుప్పట్లతో కప్పేశాను. చివరికి సాంబ్రాణి. ఎంత వేశానంటే, ఆ పొగ గోదావరి దాటి రాజమండ్రి వాళ్ల చేత తుమ్మించి ఉంటుంది.

నడక నుంచి వచ్చిన అక్కయ్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరేయ్! ఇదేంట్రా? ఆవిడ వద్దని చెప్పలేదూ?"

"మర్యాదస్తులు అలాగే అంటారక్కా. నిజమనుకుని ఊరుకుంటే మన పరువేం కాను?"

"పద్దూకి ఇంట్లో గ్లాసు జరిగినా పడదురా!"

"ఒక్క పూటకేగా! నువ్వెళ్లి దానికి ఆ పట్టుచీర కట్టు."

పద్దు చాలాసేపు లోపలికి రాలేదు. వచ్చాక గోడ దగ్గరికి నడిచి, గడియారం ఉండే చోట అరచేయి ఆనించి నిలబడింది. గోడ గుండె కొట్టుకుంటోందేమో చూస్తున్నట్టుంది. గొంతులోంచి సన్నగా "మ్‌మ్‌మ్" అని ఒకటే స్వరం. ఆ స్వరం ఇల్లంతా పాకింది. నాకు వెన్నులో చీమ నడిచింది. చీమే కదా అని దులిపేసుకున్నాను.

మధ్యాహ్నానికి వాయుగుండం పట్టింది. పట్టపగలే చీకటి. గోదావరి ఎర్రగా పొంగుతూ గట్టు అవతల నుంచి మూలుగుతోంది. సునీత గారు గొడుగు మడుస్తూ లోపలికి అడుగు పెట్టారు. అదే క్షణాన కరెంటు పోయింది. మసక వెలుతురులో ముసుగులు కప్పుకున్న బియ్యం బస్తా, మంచం, కుర్చీలు వరసగా కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. పొగ నేలమీద తిరుగుతోంది. ఆవిడ నాలుగు వైపులా చూసి అడిగారు.

"ఇంట్లో ఎవరైనా... పోయారాండి?"

"అబ్బే, మీరొస్తున్నారని!" అన్నాను వినయంగా.

ఆవిడ నుదురు పట్టుకున్నారు. "పద్మజ గారేరి?"

"లోపలుందండి. పద్దూ..."

"పిలవకండి. తనని తన మానాన ఉండనివ్వండి. మనం ఇక్కడే కూర్చుందాం."

ఆవిడా అక్కయ్యా గుమ్మం దగ్గర కుర్చీల్లో, నేను సోఫాలో. అప్పుడు మొదలైంది.

లోపల ఎక్కడో "గర్ర్‌ర్..." అని ఏదో ఈడ్చిన చప్పుడు. ఆగింది. మళ్లీ.

"ఎలకలు" అన్నాను.

"బస్తా ఈడ్చే ఎలకలాండి?" అన్నారు సునీత గారు.

తరవాత "చుయ్‌య్" అని పాము బుసకొట్టినట్టు ఒక శబ్దం. సాంబ్రాణి పొగ ఉన్నట్టుండి చచ్చిపోయింది. గదిలో తడిబూడిద వాసన. నేను ధైర్యవంతుణ్ణి కాబట్టి రెండు కాళ్లూ సోఫా మీదికి లాక్కున్నాను. కళ్లు మాత్రం ఎటో ఒకవైపు చూడాలి కదా, తిరిగి నా వెనక గోడవైపు చూశాను. గోడమీద గడియారం ఉంది! పొద్దున్న నా చేతులతో దించిన గడియారం! దాని కింద, కిటికీ దగ్గర, ముక్కాలి పీట!

"అక్కా!" నా గొంతు కీచుమంది. "ఈ ఇంట్లో ఇంతకుముందు సూరమ్మ గారని ఒక ముసలావిడ ఉండేది కదూ? సామాను కదిపితే ఊరుకునేది కాదట కదూ?"

"అయితే?"

"ఆవిడే! ఆవిడే వచ్చింది!"

"ఆవిడ చచ్చిపోతే కదరా! రాజోల్లో కూతురింట్లో దుక్కలా ఉంది. మొన్న ఫోన్ కూడా చేసింది."

బతికుండగానే దయ్యమైందంటే ఎంత గట్టిదో ఊహించండి. నేను ఊహించాను, చెమట పట్టింది. అంతలో అలమర పక్కనున్న తెల్లదుప్పటి లేచి నిలబడింది. నిలబడి, నడిచింది. ముఖం లేదు. నడకలో చప్పుడు లేదు. "మ్‌మ్‌మ్" అంటూ మా ముందు నుంచే జారుకుంటూ వంటింట్లో మాయమైంది.

"సునీత గారూ, చూశారా?" అన్నాను ఊపిరి కూడా తీసుకోకుండా.

"ష్... చూస్తున్నానండి. ఎంత అందంగా చేస్తోందో!" ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి.

చదువుకున్నావిడ, దయ్యం పనితనాన్ని మెచ్చుకుంటోంది! ఈవిణ్ణి అప్పుడే పట్టేసిందని నిశ్చయించుకున్నాను. మిగిలింది మేమిద్దరమే. అక్కయ్య నన్ను వదిలి పారిపోదని నమ్మకం లేదు.

అప్పుడు నా కింద సోఫా కదిలింది.

నిజమండీ. కాస్త వీధివైపు జరిగింది. ఆగింది. వెనక నుంచి ఎవరో బరువుగా ఊపిరి పీల్చారు. మళ్లీ జరిగింది. ఇక జరగక, అంటే నా బరువుకి లొంగిపోయి, నిలిచిపోయింది. నాకు తెలిసిన దేవుళ్లందర్నీ తలుచుకుందామంటే ఒక్క పేరూ నోటికి రాలేదు. వచ్చినా ఏం లాభం, వాళ్లు వచ్చేలోపే మంచులాంటి తడిచేయి ఒకటి నా మణికట్టును పట్టుకుంది.

నేను అరిచిన అరుపు మామూలుది కాదు. రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద వెళ్తున్న రైలు తనకి సిగ్నల్ ఇచ్చారనుకుని ఆగి ఉంటుంది.

చేయి వదల్లేదు. లేపింది. హాలు దాటించింది, గుమ్మం దాటించింది, మెట్లు దింపింది, వానలోకి లాక్కుపోయింది. గేటు తీసింది. తను గేటు లోపలే ఉండి నన్ను వీధిలో నిలబెట్టింది. అప్పుడు దుప్పటి ముసుగు జారింది. పద్దు! పట్టుచీర ఎప్పుడు విప్పేసిందో, తన పాత నూలు చుడీదార్‌లో ఉంది. పొగ వాసన పడక ముక్కూ ముఖం దుప్పటితో చుట్టుకుంది. సాంబ్రాణి మీద చెంబుడు నీళ్లు పోసిన చేయి ఇంకా తడిగానే ఉంది.

మా ఇల్లున్న పక్క వీధివైపు వేలు చూపించింది.

"మావయ్య. అక్కడ."

గేటు మూసి గడియ పెట్టింది. లోపలికెళ్లి కిటికీ కింద తన పీట మీద కూర్చుంది. తన గొంతులో ఆ స్వరం ఆగింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

కాసేపటికి సునీత గారు గొడుగు వేసుకుని గేటు దగ్గరికి వచ్చారు. నేను గేటు బయట తడిసిన కొబ్బరిపీచులా ఉన్నాను.

"నర్సరీ ఆయన అడిగినదానికి జవాబు దొరికిందండి" అన్నారు.

"ఏంటండీ అది?"

"కుట్టుపని దగ్గర ఆ మోత తను ఆపలేకపోయింది, దారి తోచక పరుగెత్తింది. ఇక్కడ తెలిసిన చోటు, చేతికందే ఉపాయం ఉన్నాయి. వాసన పడకపోతే నీళ్లు పోసింది. చీర గుచ్చుకుంటే మార్చుకుంది. ప్రతి వస్తువునీ ఉండాల్సిన చోట పెట్టింది. గేటు దాకా వచ్చి కూడా రోడ్డెక్కలేదండి. నర్సరీలో రోడ్డుకి దూరంగా ఒక మూల తనదని ఇచ్చి, చెప్పకుండా ఏదీ మార్చకపోతే నిక్షేపంగా చేసుకుంటుంది. మొదట కొన్నాళ్లు నేనూ వచ్చి చూస్తాను. అదే రాసిస్తున్నా."

నాకు వానలో కూడా కళ్లు వేడెక్కాయి. అది కనపడకుండా గంభీరంగా అడిగాను. "మరి తనకి పడనివేంటో కూడా రాయాలి కదండీ?"

"రాశానండి. ఘాటు వాసన, గుచ్చుకునే జరీ, మోత..."

లోపల నుంచి అక్కయ్య కేక వేసింది. "మావయ్యని కూడా రాయండి!"

"మొదటి వరసలోనే రాశానండీ!" అన్నారు సునీత గారు.

పద్దు ఇప్పుడు నర్సరీలో బంతి, చామంతి వరసలు పేరుస్తోంది. అందుచేత, సమస్త గోదావరి జలాల సాక్షిగా, అరువు సోఫాకి ఊడిన పేము సాక్షిగా, నేను ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేయునదేమనగా: ఇకమీదట అతిథి "వద్దు" అంటే వద్దనే అనుకుంటాను, ఒకరింట్లో గరిటె కూడా జరపను, పద్దు నన్ను ఎక్కడ పెడితే అక్కడ ఉంటాను. మొన్న నర్సరీకి వెళ్తే ఎరువు బస్తాల పక్కన పెట్టింది. సాయంత్రం దాకా కదల్లేదు. ఇద్దరు బేరం కూడా అడిగారు.