మిల్లులో వాయించిన ఏడున్నర

మొన్న మా అబ్బాయి తన చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి నాకిచ్చి, "విను, కానీ నీకు అర్థం కాదులేమ్మా. ఇది ప్రోగ్రెసివ్ మెటల్ అనే రాక్ సంగీతం. తాళం ఏడున్నరకి తిరుగుతుంది" అన్నాడు. విన్నాను. వంటింటి గట్టు మీద నా వేళ్ళు వాటంతటవే ఆ లెక్క వెయ్యడం చూసి నోరు తెరిచాడు. తొంభైల చివర్లో మాకూ అలాంటి బ్యాండు ఉండేదని, అందులో వాళ్ళమ్మ కీబోర్డు వాయించేదని నమ్మడానికి వాడికి చాలాసేపు పట్టింది.

బ్యాండంటే ముగ్గురం. విశాఖలో ఇంజనీరింగ్ చదివే అన్నయ్య హాస్టల్లో సీనియర్ల క్యాసెట్లు విని, ఎలక్ట్రిక్ గిటారుతో ఇంటికొచ్చాడు. మృదంగం నేర్చుకున్న మేనత్త కొడుకు, మా బావ, డ్రమ్స్. ద్రాక్షారామం దగ్గర మూతపడ్డ పెదనాన్నగారి బియ్యం మిల్లులో వాయించేవాళ్ళం. గిటారు మోగితే దూలాల మీంచి ఏళ్ళనాటి తవుడు మా జుట్టులోకి రాలేది. ఒక్కో పాటా పావుగంట. రోడ్డురోలరులా బరువుగా దొర్లి, ఉన్నట్టుండి ఆగి వీణలా సన్నగా పలికి, మళ్ళీ వేగం అందుకునేది. తాళం ఏడు దెబ్బలు, పైన ఒక అర. ఆ అరని బావ స్నేర్ డ్రమ్ము మీద కాస్త వెనకబడి, ఇక రాదేమో అనిపించాక వేసేవాడు. అందుకే బ్యాండు పేరు ఏడున్నర. నాయనమ్మ హడలిపోయింది. "ఏడున్నరంటే ఏలినాటి శనిరా! ఎవరైనా పేరుపెట్టి పిలుచుకుంటారా?" అంది. అన్నయ్య గొంతు చించుకుని గర్జించడం విన్న రోజున మాత్రం జాలిపడి మిరియాల కషాయం పంపింది.

మరుసటి వానాకాలంలో బావ కామెర్లతో పోయాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. మా ఇద్దరికీ ముడిపెడుతూ పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మేం విననట్టు నటించిన రోజులవి.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం అత్త వచ్చింది. "వాడు వాయించేది నేనెప్పుడూ వినలేదర్రా. ఒక్కసారి వినిపించండి" అంది.

"వాడు లేకుండా ఎలా అత్తా?" అన్నాడు అన్నయ్య.

"వాడి చోటు వదిలేసి వాయించండి."

మిల్లు తలుపులు తీశాం. డ్రమ్స్ దుమ్ముపట్టి అలాగే ఉన్నాయి. మొదలుపెట్టి, ఏడు దెబ్బలయ్యాక అర దగ్గర ఖాళీ వదిలాం. ఎవరూ ముట్టుకోని స్నేర్ జర్రుమంది. నేను వాయించడం ఆపేశాను.

"భయపడకే, గిటారు మోతకి ఆ డ్రమ్ము అడుగున ఉన్న తీగలు అదురుతాయి. రెజొనెన్స్ అంటారు" అన్నాడు అన్నయ్య. నిజమే, బావ కూడా దాన్ని విసుక్కునేవాడు. కానీ మోత ఆగాక, కాస్త ఆగి అదరడమేమిటి? అన్నయ్య గిటారు తీగలు బిగించి శ్రుతి పెంచాడు. మళ్ళీ వాయించాం. డ్రమ్ము పలకలేదు.

"చూశావా?" అన్నాడు. గొంతులో గెలుపు లేదు.

"వాడికి ఈ శ్రుతి అలవాటు లేదు కదరా. పాతదే పెట్టు" అంది అత్త నెమ్మదిగా.

అన్నయ్య తీగలు మళ్ళీ వదులు చేశాడు. ఈసారి ప్రతి ఆవర్తానికీ వచ్చింది ఆ అర, ఆలస్యంగా, బావ వేసినట్టే. అత్త ఏడవలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది. బావ ఒక్కడే వాయించే భాగం రాగానే మేమిద్దరం చేతులు తీసేశాం. మిల్లంతా నిశ్శబ్దం. నాకేమీ వినపడలేదు. అత్త అరచెయ్యి మాత్రం ఆవిడ తొడ మీద, ఆవిడకి ఎవరూ నేర్పని ఆ లెక్కలో, ఎక్కడా తప్పకుండా పడుతూనే ఉంది. పాట అయ్యాక లేచి, చీర దులుపుకుని, "చాల్లెండి, అలిసిపోతాడు" అంది.

ఏడున్నర మళ్ళీ వాయించలేదు. అన్నయ్య ఉద్యోగంలో పడ్డాడు, మిల్లు అమ్మేశారు. డ్రమ్స్ అత్త తన ఇంటికి తీసుకెళ్ళి, పోయేదాకా పడమటి గదిలో ఉంచుకుంది. అక్కడ ఎవరైనా గట్టిగా మాట్లాడితే, "కాస్త మెల్లిగా అండి" అనేది, లోపల ఎవరో పడుకున్నట్టు. ఆనాటి అత్త వయసుకి ఇప్పుడు నేనొచ్చేశాను; బావ మాత్రం ఇంకా డిగ్రీ ఆఖరి సంవత్సరంలోనే ఉన్నాడు.