పూలు వద్దన్న రోజు

ఎగుమతి సరుకుల ఆడిట్ ఆఫీసులో సత్యశ్రీ ప్రోగ్రాం మేనేజరు. ఏ రోజు ఏ రొయ్యల ఫ్యాక్టరీని తనిఖీ చేయాలో తేల్చేది ఆవిడే. ఆ ఫ్యాక్టరీ పేరు ఎక్కడ బయటికి పొక్కుతుందోనని ఒకటే బెంగ. కాగితం మీద పెట్టదు, ఫోన్లో అనదు, డ్రైవరు ప్రసన్నకుమార్‌కి సైతం కారు గోదావరి బ్రిడ్జి ఎక్కాకే చెబుతుంది. చెప్పాక కూడా చేతిరుమాలు మడతపెడుతూ విప్పుతూనే ఉంటుంది. అయినా ఈ నెలలో మూడుసార్లు వీళ్లు వెళ్లేసరికి అప్పుడే కడిగిన నేల, రొయ్యలు వలిచే ఆడవాళ్ల చేతులకి కొత్త గ్లవుజులు. కబురు అందిస్తున్నది ఎవరో తేల్చి రాయమని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ కాక ముందుగా తెలిసేది ప్రసన్నకుమార్‌కే గనక అందరి అనుమానమూ అతని మీదే.

ఈ ఉదయం వీధి మలుపులో పూల బేబీ ఎప్పటిలాగే మూరెడు మల్లెపూలు అందించింది. ఫ్యాక్టరీలో జుట్టంతా టోపీలోకి దోపాలి, పూలు పనికిరావు. సత్యశ్రీ వద్దని చెయ్యి ఊపింది. "అయితే ఇవాళ రొయ్యల ఫ్యాక్టరీకేనన్నమాటండి," అంటూ బేబీ ఫోన్ తీసింది. "మీరు పూలొద్దన్నప్పుడల్లా మా ఆడపడుచుకి చెప్తానండి. రొయ్యలు వలవడానికెళ్తాదండి. తను మిగతా ఫ్యాక్టరీలోళ్లకీ చెప్తాది. పాపం, తిట్లు తప్పుతాయి కదండీ!" సత్యశ్రీ పూలు తీసుకుని తలలో పెట్టుకుని కారెక్కింది.

"ఎక్కడికండీ?" అన్నాడు ప్రసన్నకుమార్ ముక్తసరిగా.

"ఆఫీసుకే ప్రసన్నకుమార్ గారూ," అంది, మొదటిసారి గారు చేర్చి. "ఆ ఉత్తరానికి జవాబులో నా పేరు రాయాలండి."