డోలక్ డాక్టర్ని నేనే అన్నాను

డెబ్బైల్లో ప్రపంచాన్ని ఊపేసిన ఒక రాక్ బ్యాండు డబ్లిన్ వచ్చినప్పుడు, వాళ్ళ స్టేజీ మీద డోలక్ వాయించిన తెలుగువాణ్ణి నేను. హాలు హాలంతా లేచి నిలబడింది.

యాభై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను. డబ్లిన్ పక్కన లూకన్‌లో ఏ ఇంటికి భోజనానికి పిలిచినా పప్పు కంటే ముందు ఈ కథ వడ్డించేవాణ్ణి. అది నా గుండెల మీద రోలులా కూర్చుంది. ఇన్నాళ్ళూ దాన్ని పతకం అనుకుని మోశాను. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీ మొహం నేను చూడక్కర్లేదు.

హాలు నా కోసం లేవలేదు. వాళ్ళు మొదటి పాటకే లేచి ఉన్నారు.

అసలు ఆ పిలుపే నాది కాదు. సాంబయ్యది. వరంగల్ వాడు, నాతోపాటు అదే ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు, క్వార్టర్స్‌లో పక్క గది. బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడికి కనుబొమ్మ చీలితే మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. కుట్లు వేసింది సాంబయ్య. మత్తు మందు పనిచేసేదాకా స్టీలు ట్రే మీద వేళ్ళతో దరువేస్తూ కూర్చున్నాడు. అది వాడి అలవాటు. డ్రమ్స్ వాడు నొప్పి మరిచిపోయి విన్నాడు, ఏం వాయిస్తావని అడిగితే సాంబయ్య డోలక్ అన్నాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళ మేనేజరు అన్నాడు కదా, రేపు సాయంత్రం స్టేజీ వెనక తలుపు దగ్గరికొచ్చి డోలక్ డాక్టర్నని చెప్పు, ఒక పాటకు వాయించు, బాగుంటే బెల్‌ఫాస్ట్‌కీ కార్క్‌కీ మాతో రావచ్చు అని.

ఆ సాయంత్రమే సాంబయ్యకు వార్డు డ్యూటీ. మా తెలుగు డాక్టర్లకు ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ మార్చుకోవడానికి పైవాళ్ళను అడగం. మాట చాలు. కానీ మాటిచ్చినవాడు వచ్చి నిలబడేదాకా మొదటివాడు వార్డు వదలకూడదు. నేను చూసుకుంటాలే, వెళ్ళు అన్నాను.

మాటిచ్చి, సాయంత్రానికి జ్వరం తెచ్చుకున్నాను. వార్డుకు ఫోన్ చేసి మూలిగాను. పడుకో, నేనుంటా అన్నాడు వాడు. అంతే. నేను లేచి వాడి గదిలోకి వెళ్ళి, మంచం కింద డోలక్ లాక్కుని బస్సెక్కాను.

ఎందుకు చేశాను? అసూయ అంటే సరిపోతుందా? నలుగురిలో మాట్లాడేది నేను, నవ్వించేది నేను. అలాంటిది లోకమంతా ఎగబడే మనుషులు, నోరు విప్పని సాంబయ్యను పిలవడమేమిటని కడుపు మండిపోయింది.

తలుపు దగ్గర డోలక్ డాక్టర్ని నేనే అన్నాను. ఒక్కడూ అనుమానించలేదు. నిన్న కుట్లు వేయించుకున్నవాడు కూడా నా భుజం తట్టి, కనుబొమ్మ చూపించి, కుట్లు బాగా వేశావన్నాడు. వాడి కళ్ళకు మేమిద్దరం ఒకటే. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలి? వార్డులో రోగులు నన్ను సాంబయ్య అని పిలిస్తే క్యాంటీన్‌లో బల్ల గుద్ది తిట్టినవాణ్ణి, అదే అవమానాన్ని ఆ సాయంత్రం ప్రవేశ టికెట్‌లా వాడుకున్నాను. వాళ్ళు గుడ్డివాళ్ళు, సరే. మరి నేను?

పైగా నాకు డోలక్ రాదు. పెళ్ళిళ్ళలో చూశానంతే. రెండు దెబ్బలు పడ్డాయి, మూడోది ఎక్కడ వేయాలో తెలియలేదు. నా మైకు ఆపేశారు. పాట అయ్యేదాకా వినబడని డోలక్‌ను బాదుతూ, పళ్ళికిలిస్తూ కూర్చున్నాను.

మర్నాడు సాంబయ్య క్వార్టర్స్ కారిడార్‌లో, టెలిఫోన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి అడిగాడు.

"జరం తగ్గిందారా?"

"తగ్గింది."

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఏముంటుంది?"

"ఏం లేదులే."

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. ఫోన్ మోగలేదు. ఆ తర్వాత వాడు డోలక్ ముట్టగా నేను చూడలేదు. నేను చంపేశాను ఆ సంగీతాన్ని.

పోయిన నెల లూకన్‌లో మనవాళ్ళ సభలో పిల్లలకు మళ్ళీ ఈ కథే చెప్పాను. ఒక పిల్ల ఐరిష్ యాసలో "దట్స్ క్లాస్, అంకుల్!" అని మెచ్చుకుంది. ముందు వరసలో సాంబయ్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, ఆ పిల్లతో అన్నాడు: "మావోడు జరంల గూడ వాయిస్తడు బిడ్డా!"

వీడికి తెలుసు! ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని తిన్నాడు, నవ్వాడు, ఒక్క తిట్టు తిట్టలేదు. నా మీద నాకున్న కోపం చాలక, వాడి మీద కూడా కోపమొచ్చింది. తిట్టి ఉంటే ఏనాడో తేలికపడేవాణ్ణి కదా?

అందుకే ఇదంతా రాశాను. రాసి, నేస్ ఊళ్ళో ఉన్న సాంబయ్య ఇంటికి తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చివరిదాకా చదివాడు. కళ్ళజోడు తీశాడు.

"డోలక్ నీ వల్ల మానలే రా. నీకంత సీన్ లేదు. భుజం పట్టేసింది, మానేసిన. ఇగ ఆ ఫోను ముచ్చట తప్పు రాసినవ్. పొద్దుగాలనే నేనే వాళ్లు దిగిన హోటల్‌కు ఫోన్ చేసిన. 'నిన్న వచ్చినవ్ గదా, విన్నం, ఇగ రాకు' అన్నరు. నేను ఫోను కోసం కూసోలే. నువ్వు చెప్తవేమోనని కూసున్న."