ఎంగిలి ఫోను, మద్రాసు రేటు

ఆ ఫోను తలుచుకుంటే ఇప్పటికీ కుడిచెవి కడుక్కోవాలనిపిస్తుంది.

అరవైల్లో నాంపల్లి స్టేషనుకెదురుగా ఒక ద్రాక్షపళ్ల కమీషను దుకాణంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఊరి చుట్టూ తోటల్లో కాసిన అనాబ్‌షాహీ ద్రాక్ష గంపల్లో మా దగ్గరికి వచ్చేది. మద్రాసులో రేటు బాగుంటే సాయంత్రం బండికెక్కించేవాళ్లం, లేకపోతే ఇక్కడే ఎంతకో అంతకు తెగనమ్మేవాళ్లం. రేటు తెలుసుకోవడానికి దుకాణంలో ఒక నల్ల ఫోను ఉండేది. సేటుదే అయినా పక్క లాడ్జివాళ్లూ, ఆ పక్క సైకిల్ షాపువాళ్లూ దాంట్లోనే మాట్లాడేవాళ్లు. పేరుకు ఉమ్మడి ఫోను. ఉమ్మితడి ఫోను అనడం న్యాయం. సేటు జర్దా కిళ్లీ నములుతూనే అందులోకి అరిచేవాడు. మాట్లాడే వైపు చిల్లుల్లో వక్కపలుకులు ఇరుక్కుని, చెవి పెట్టుకునే వైపు నాలుగు దుకాణాల తలనూనె పేరుకుని ఉండేది.

పొద్దున్నే ఎక్స్ఛేంజికి చెప్పి మద్రాసుకు ట్రంక్ కాల్ బుక్ చేసి, అది వచ్చేదాకా పక్కన కూర్చోవడం నా ఉద్యోగం. బీయే చదివింది ఇందుకా అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. కాల్ కోసం కాలం గడిచేది. ఈలోపు గంపల అడుగున ద్రాక్ష చితికి, పులిసి, ఆ జిగురునీళ్లు గచ్చు మీద పాకి నా చెప్పులకు అంటుకునేవి. వాటి మీద వాలిన ఈగలు నేరుగా వచ్చి ఫోను మీద వాలేవి. వాటికీ ఎవరితోనో మాట్లాడే పని ఉన్నట్టు.

తీరా లైను కలిస్తే దొరికేది మూడు నిమిషాలు.

"ఆ, నమస్తే, నమస్తే! మంచిగున్నరా?" అని మా సేటు.

"మీ దయవల్ల బాగున్నామండీ! మీరెలా ఉన్నారు?" అని మద్రాసు వ్యాపారి. నెల్లూరి వైపు మనిషి, మర్యాదలో ఎవరికీ తీసిపోడు. ఆయన గొంతు దుకాణమంతా వినపడేది.

"అంత మంచిదే! అమ్మగారి మోకాళ్లు ఎట్లున్నయి?"

"నూనె రాస్తున్నామండీ. మీ అల్లుడుగారి దగ్గు?"

మోకాళ్ల నుంచి దగ్గుకీ, దగ్గు నుంచి మనవరాలి అన్నప్రాశనకీ వెళ్లి, "ఇగ రేటు..." అనేసరికి టైమైపోయిందని ఆపరేటరమ్మ లైను కోసేది. మళ్లీ బుక్ చెయ్యి, మళ్లీ కూర్చో. అంతలో బండి కూత.

ఒకసారి అలాగే బండి తప్పి, శంషాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక రైతు సరుకంతా దుకాణంలోనే కుళ్లింది. ఆ కంపు వారంపాటు నా అన్నంలోకి కూడా వచ్చింది. రైతు సేటు ముందు నిలబడి అడిగాడు.

"ఏంది సేటూ, గాళ్ల అమ్మ మోకాళ్లకు నా తోట ఖర్చు పెడ్తవా?"

"మరి బాగోగులు అడగకుంటె మనిషంటరా పటేలా?"

"కార్డు రాసి అడుగు. ఫోన్ల రేటు అడుగు."

సేటుకు రోషం వచ్చింది కాని, మాట నచ్చింది. మద్రాసుకు కబురు పెట్టాడు: ఇకమీదట ఫోనులో రేటు ఒక్కటే, క్షేమసమాచారాలన్నీ కార్డు మీద. వారానికోసారి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు నడిచి, సేటు తరఫున మోకాళ్ల గురించీ దగ్గుల గురించీ కార్డులు వెయ్యడం నా కొత్త ఉద్యోగమైంది. ఫలితం మాత్రం బ్రహ్మాండం. రేటు చిటికెలో తెలిసేది, సరుకు వేళకు బండెక్కేది.

సీజను చివర్లో వడగళ్ల వాన పడింది. అదే రైతు తన తోటలో మిగిలిన కాయంతా ఒక్క లోడుగా తెచ్చాడు. ఇది పోతే ఆ యేడు ఆయనకిక ఏమీ లేదు. గంపలు స్టేషనుకు చేరాయి. లైను కలిసింది.

"రేటు?" అన్నాడు సేటు.

మద్రాసాయన చెప్పాడు. మంచి రేటు. సేటు తృప్తిగా కిళ్లీ దవడ మార్చి, ఫోను పెట్టెయ్యబోయాడు.

"ఆగు సేటూ, ఇంక టైమున్నది గద. జర ఇటియ్యి," అని రైతు ఫోను లాక్కున్నాడు. "అన్నా, నేను, ద్రాక్ష పటేల్‌ను. మంచిగున్నరే?"

అవతల ఒక మగమనిషి వెక్కివెక్కి ఏడవడం దుకాణమంతా వినపడింది.

"మా అమ్మ పోయిందయ్యా. దినాలయ్యేదాకా ఇంటి ముందరి దుకాణం కట్టేశాం."

సేటు నమలడం ఆపాడు. "రేటు చెప్తిరి గదయ్యా!" అన్నాడు, ఫోను వైపు వంగి.

"మీరడుగుతారని పక్క దుకాణంవాణ్ణి ముందే కనుక్కుని చెప్పానండీ. చావు కబురు కార్డు మీద రాశాను. క్షేమసమాచారాలు అందులోనే అన్నారుగా. అంది ఉంటుంది, సరుకు ఇంకొకరికి పంపుకుంటున్నారేమో అనుకున్నా."

కార్డు మాకు అందలేదు. ఆ గంపలు వెళ్లి ఉంటే మద్రాసు స్టేషనులో దించుకునేవాడు లేడు. అంతకంటే అసహ్యమైన సంగతి ఇంకోటి: శవం లేచిన ఇంటికి ఫోను చేసి మేం అడిగింది రేటు.

రైతు మాత్రం సరుకు మాటెత్తలేదు. "ఎట్లయిందన్నా? శానా బాధపడ్డదా?" అని అడుగుతున్నాడు. మద్రాసాయన చెప్పుకున్నాడు. చెప్పుకుని కాస్త తేరుకుని, ఆయనే అన్నాడు: "మీ సరుకు ఆపకండి. పక్క దుకాణం పేర పంపండి. నేను చెప్పి దింపిస్తాను, మీ కాయ పాడవనివ్వను. పేరు రాసుకోండి."

"నువ్వు రాస్కో సారూ," అని రైతు నాకు ఫోను ఇవ్వబోయి, ఆగి, మాట్లాడే వైపు చూశాడు. ముఖం వికారంగా పెట్టి, భుజం మీది తువ్వాలతో గట్టిగా తుడిచి మరీ ఇచ్చాడు. ఆ దుకాణంలో నాకోసం ఎవరైనా దాన్ని తుడవడం అదొక్కసారే. తువ్వాల నిండా చితికిన ద్రాక్ష పులుపు. కిళ్లీ వాసన మీద ఇప్పుడు అది కూడా పట్టింది. అలాగే చెవికి ఆనించుకుని, అడ్రసు రాసుకునే ముందు, "మీరు ఏమైనా తిన్నారాండీ?" అని అడిగాను.