మా ఆయన చెయ్యి పోలేదు

మా ఆయన జగన్నాధం శృంగవరపుకోట బళ్లో డ్రాయింగు మాస్టారు. ముప్పై ఏళ్లు పిల్లల చేత చెంబులూ బెండకాయలూ గీయించారు. స్కేలు పట్టకుండా తిన్నని గీత గీసేవారు. ఊళ్లో ఎవరింట పెళ్లైనా గోడ మీద బొమ్మలకి ఆయనకే కబురు వచ్చేది.

పోయినేడు ఎండల్లో మా తమ్ముడు చినబాబు వచ్చాడు. వాడు మద్రాసులో సినిమా చదువు చదువుతున్నాడు. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే కూర్మమ్మ అనే ఆవిడ మీద పది నిమిషాల సినిమా తీసి చూపిస్తేనే పాసట.

"రీలు కొలిసి ఇస్తారు బావా. ఒకపాలి తిప్పేస్తే అయిపోయినట్టే. అందుకే ముందు ప్రతి షాటూ కాయితం మీద గీసుకోవాల. నాకు గీత రాదు."

"గీత రానోడివి నాకు బావమరిదివెలాగ అయ్యావురా?"

"నా తప్పేటుంది? అప్పనడుగు," అని నన్ను చూపించాడు.

ఇద్దరూ నౌపడ వెళ్లి కూర్మమ్మని చూసి వచ్చారు. ఆయన పది రోజులు కూర్చుని ఇరవయ్యారు బొమ్మలు గీశారు. కాగితానికి ఒక్కటే, నడుమ చిన్న గడిలో. గడిలో ఎంతుంటే తెర మీద అంతే కనిపిస్తుందని నాకూ చెప్పారు. నా చెవికెక్కలేదు. అప్పటికే ఆయన దగ్గితే తువ్వాలుకి నెత్తురు అంటుతోంది. నా ధ్యాసంతా దాని మీదే.

ఆయన విజయనగరం డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజున మంచం దులుపుతూ ఆ కాగితాలు చూశాను. ఒకదాంట్లో ఉప్పుకి పగిలిన పాదాలు, అంతే. ఒకదాంట్లో చెయ్యి. ఇంకోదాంట్లో మెడ దాకా ముఖం. మనిషిని గీస్తే గోళ్లతో సహా పూర్తి చేసి లేవాలనీ, సగంలో వదిలితే ఆ ఇంటి మనిషికి కీడనీ మా అమ్మ భయం. ఆ భయంతోనే పెరిగాను. దగ్గే మనిషి పడుకునే మంచం మీద తొమ్మిది సగం మనుషులు! గడులు చెరిపేశాను. పాదాల మీద నడుమూ తలా పెట్టాను. తలకి ఒళ్లు పెట్టాను. చుట్టూ పెద్ద గడులు గీశాను.

ఆయన తిరిగి రాకముందే చినబాబు ఆ కట్ట పట్టుకుని రైలెక్కేశాడు.

రెండు నెలలకి వచ్చి కాగితాలు మంచం మీద పడేశాడు.

"ఏటి బావా ఇది? నువ్వు గీసినట్టే తీశాను. మనిషి దగ్గరికే ఎల్లలేదు, కొండెక్కి సూసినట్టున్నాదని మాస్టర్లు నవ్వారు. ఫెయిలు!"

ఆయన ఒక్కొక్కటీ తిప్పారు. పాదాల బొమ్మ దగ్గర వేలు ఆగింది. నా గీత లావు, ముగ్గు గీతలా ఉంటుంది. తలెత్తి గుమ్మంలో ఉన్న నన్ను చూశారు. నా చేతిలో చేట.

"నా సెయ్యి పోయిందిరా బాబూ," అన్నారు. "నన్నడగడం నీదే తప్పు."

నేను లోపలికి వెళ్లి బియ్యం చెరుగుతూ కూర్చున్నాను.

ఆయన నన్ను అడుగుతారని చూశాను. అడగలేదు. ఆ తర్వాత పెళ్లి బొమ్మలకి ఎవరొచ్చినా "సెయ్యి పోయింది నాయనా" అని పంపేసేవారు. నా కోసం ఆడిన అబద్ధం నిలబెట్టడానికి పెన్సిలే ముట్టుకోలేదు. మార్గశిరంలో పోయారు.

పదకొండో రోజు భోజనాల్లో చినబాబు పక్కవాళ్లతో అన్నాడు: "మా బావ గీత ముందు సూడాల్సింది. ఆకర్న సెయ్యి పోయింది, పాపం."

నేను వడ్డిస్తున్నాను. చెబుదామని వాడి దగ్గర వంగాను. "పప్పు వెయ్యనా?" అన్నాను.

ఒరే చినబాబూ, ఇది ఎవరూ చదవక ముందే నీకు పంపుతున్నాను. ఆ తొమ్మిదీ పాడుచేసింది నేను. ఇంకెవరి దగ్గరా బావ చెయ్యి పోయిందనకు. నువ్వొస్తే నీకు చూపించే ముఖం నాకు లేదు. అయినా తలుపు తీస్తాను.