హజరత్తయ్య వడ్ల మీద వాన పడదు

మా ఊళ్ళో ఎవరికి ఏ ఆపద రాబోతుందో హజరత్తయ్యకు ముందే తెలుస్తుంది. పక్కింటి ఆవిడ కాలి పుండు చూసి షుగరు పరీక్ష చేయించుకోమన్నది ఆయనే. చేయిస్తే షుగరు బయటపడింది. కరోనా రోజుల్లో వీధి వీధంతా తలుపులు వేయించి, తను మాత్రం మూతికి గుడ్డ లేకుండా బిట్రగుంట దాకా వెళ్ళి టీ తాగి వచ్చేవాడు. ఇదేమిటయ్యా అని అడిగితే, "నా ఒళ్ళు వేరేలే అక్కా" అనేవాడు.

మనిషి మంచివాడు. మూడెకరాల సొంత పొలం, ఇంట్లో భార్య చెంచమ్మ. ఈసారి ఎండాకాలం వేసిన ఎడగారు పంట కోసి వడ్లు తారురోడ్డు మీద ఆరబోశాడు. మా ఊళ్ళో ఇప్పుడు అందరి కళ్ళమూ ఆ రోడ్డే. ఒక పక్క వడ్లు, అంచున వరసగా రాళ్ళు, రెండో పక్క బండ్లు. ఏడాది తిండి గింజలూ, వచ్చే నారుకు విత్తనాలూ అన్నీ ఆ రాసిలోనే. ఆయన వడ్లకు ముప్పై అడుగుల అవతల ఆండ్రూ వడ్లు. ఆండ్రూది కౌలుకు చేసిన ఒక్క ఎకరం.

తుపాను వస్తుందని ఫోన్లన్నీ మోగాయి. జువ్వలదిన్నెలో పడవలు సముద్రంలోకి పోలేదని కబురొచ్చింది. ఆ పొద్దున హజరత్తయ్య ఆండ్రూ వడ్ల దగ్గర కూర్చుని ఒక గింజ కొరికి చూశాడు. రోడ్డు మీద ఏం జరుగుతుందో చూడకపోతే నాకు అన్నం సయించదు కనుక నేనూ అక్కడే ఉన్నాను.

"తేమ ఉంటే ఉండనీ, ఎత్తేయరా ఆండ్రూ. తడిస్తే రెండు రోజుల్లో మొలకలొస్తాయి."

"మరి నీయి?"

"నాయి వేరేరా. నాది మెరక. ఇంకొక్క ఎండ పడితే చాలు."

ఒకే రోడ్డు, ఒకే తారు. మెరక ఎక్కడుందా అని నా చేతిలోని సీసాలో నీళ్ళు రోడ్డు మీద పోసి చూశాను. నీళ్ళు ఆండ్రూ వైపు నుంచి తిన్నగా హజరత్తయ్య వడ్ల వైపు పారాయి.

"చూడు అబ్బయా, పల్లం నీ వైపే ఉండాది."

"నీ సీసాడు నీళ్ళకి తెలిసిందా అక్కా తుపాను సంగతి? ముప్పై ఏళ్ళుగా చూస్తుండా. అయితే ఒంగోలు పక్కకి పోతాది, లేదంటే మద్రాసు పక్కకి. ఎన్ని తప్పిపోయినాయో లెక్కే లేదు."

గంజి తెచ్చిన చెంచమ్మ గిన్నె కింద పెట్టింది. "తప్పిపోయినయ్యే చెప్తుండావే, వచ్చినయ్యి లెక్కలోకి రావా?"

"అయ్యి మనకోసం వచ్చినయ్యి కాదులే."

"ఎవరికోసం వచ్చినాయో, తడిసింది మాత్రం మన మిద్దె" అంది చెంచమ్మ.

ఆయన నవ్వి, పంచె ఎగగట్టి, ఆండ్రూ వడ్లను గోతాలకెత్తడంలో పడ్డాడు. ప్రార్థన మందిరం హాలు తెరిపించి తాళంచెవి ఆండ్రూ చేతికిప్పించిందీ, గోతాల కింద బల్లలు వేయించిందీ ఆయనే. "చోటుందన్నా, నీయి కూడా తెచ్చేయ్" అని ఆండ్రూ బతిమాలితే, "చోటు లేనోళ్ళకి ఇవ్వరా" అన్నాడు.

మధ్యాహ్నం తిని ఆయన కునుకు తీశాడు. అప్పుడు చెంచమ్మ, ఆండ్రూ కలిసి ఆయన వడ్లలోంచి నాలుగు గోతాలు నింపి హాలుకు చేర్చారు. మిగిలినవి ఆయనకు తేడా తెలియకుండా ఆమె పల్చగా నెరిపింది. గోతాల మూతులు కుట్టింది నేనే.

మర్నాడు ఎండ కాసింది. మామూలు ఎండ కాదు, తారు మెత్తబడేంత. హజరత్తయ్య వడ్లలో కాళ్ళు ఈడ్చుకుంటూ చాళ్ళు తీస్తూ, వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరించాడు.

"ఏం అక్కా, యాడుంది తుపాను?"

మూడు గంటలకు తూర్పు గాలి తిరిగింది. టార్పాలిన్ బరకం పరిచేలోపే గాలి దాన్ని ఎగరేసి తుమ్మకంపలో పడేసింది. తర్వాత వాన. ఆండ్రూ పారలు తెచ్చాడు, వీధంతా గంపలతో పరుగెత్తింది, నేను చాట పట్టుకుని పోయాను. ఎత్తినవి ఎత్తినాం. మిగిలినవన్నీ మా కళ్ళ ముందే పచ్చగా బారులు కట్టి, రాళ్ళ సందుల్లోంచి పక్క కాలవలోకి వెళ్ళిపోయాయి. ఆయన కాలవలో మోకాళ్ళ మీద కూర్చుని దోసిళ్ళతో తోడబోతే, చెంచమ్మ రెక్క పట్టి పైకి లాగింది.

మూడో రోజుకు వాన తెరిపిచ్చింది. గంపలకెత్తిన వడ్లు అప్పటికే వేడెక్కి మొలకలు వేశాయి. గేదెలకు తప్ప పనికి రావు. చెంచమ్మ ఆయన్ని హాలుకు తీసుకుపోయి నాలుగు గోతాలు చూపించింది. నేనూ వెనకే వెళ్ళాను. ఒకదాని కుట్టు విప్పితే గింజలు గలగలా పొడిగా ఉన్నాయి. విత్తనాలకు చాలు, సంక్రాంతి దాటేదాకా తిండికీ సరిపోతాయి. ఆ పైన కొనుక్కోవడమే.

హజరత్తయ్య గుప్పెడు తీసి చాలాసేపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఇప్పుడైనా ఒప్పుకుంటాడని నేను ఎదురుచూస్తున్నాను.

"చూసినావా అక్కా," అన్నాడు. "నాకు ఎప్పుడూ మొత్తంగా పోదు. ఇంకొకడైతే విత్తనాలు కూడా మిగిలుండవు."

ఆండ్రూ నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. చెంచమ్మ గోతం మూతి బిగించి, పురికొసతో రెండు చుట్లు ఎక్కువే చుట్టింది.

"ఆండ్రూ, ఇయ్యి నారు పోసేదాకా ఈడ్నే ఉండనీ నాయనా. హాలు తాళంచెవి మాత్రం ఈయనకి ఇయ్యబాక."